అయితే సారు చింతగింజ

“అయితే సారు పోయినాడంటక్కా” అని నంద్యాలలో తన బట్టలంగట్లో గుడ్డ కొలుస్తూ మస్తాను చెప్పినప్పుడు, నా నోటికి మొదట వచ్చిన మాట “అయితే?” అన్నదే. రవికగుడ్డలు చూస్తున్న ఆడవాళ్ళు నా వైపు అదోలా చూశారు. చూడనీ. మస్తాను గజంబద్ద కింద పెట్టి నవ్వాడు. కండువాతో కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు. మేమిద్దరం ఆయన దగ్గర ఒకే తరగతిలో చదువుకున్నాం. ఆయన విషయంలో మాకు అంతకన్నా మర్యాదైన మాట తెలియదు.

ఆళ్లగడ్డ హైస్కూల్లో సంతాపసభ పెడితే పోయి కూర్చున్నాను. ఒకాయన లేచి “మితభాషి” అన్నాడు. ఇంకొకాయన “సౌమ్యమూర్తి, ఎవరి మనసూ నొప్పించని మనిషి” అన్నాడు. మూడో ఆయన ఈ రెండు మాటలనే రాగం తీసి మళ్ళీ చెప్పాడు. పోయినవాళ్ళ మీద ఇన్ని మంచి అబద్ధాలు పేరిస్తే ఆ కుప్ప కింద మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వస్తుంది. లేచి ఆ మాటే అనబోతే మస్తాను రెండు చేతులూ జోడించి కూర్చోమని బతిమాలాడు. సభలో మింగినదాన్ని ఇక్కడ కక్కుతున్నాను.

ఆయన నొప్పించని మనిషి ఆళ్లగడ్డలో లేడు. హెడ్మాస్టరుతో మొదలుపెట్టి, అంగడివీధిలో వంకాయలమ్మే ఓబులమ్మ దాకా అందరితోనూ వాదన వేసుకున్నారు. ఓబులమ్మతో అయితే మరీ విడ్డూరం. “ఎండలో ఇంత దూరం నెత్తిన మోసుకొస్తివి, ఈ రేటు నీకు యాడ గిట్టుబాటైతాదమ్మా, పెంచు” అనేవారు ఆయన. “నీకొచ్చే జీతమెంతలే సారూ, తగ్గిస్తా తీసుకో” అనేది ఆమె. “అయితే?” అనేవారు ఈయన. ఒకరి తరఫున ఇంకొకరు నిలబడి ఇద్దరూ గొంతు చించుకుంటూ ఉంటే, బేరానికి వచ్చినవాళ్ళు బేరం మరిచి చుట్టూ చేరేవాళ్ళు. కొన్ని రోజులు ఆయన వంకాయలు లేకుండానే ఇంటికి పోయేవారు.

ఆ ‘అయితే’ని ఆయన పలకని తీరు లేదు. సాగదీసి అంటే ఇంకా చెప్పమని. కత్తిరించినట్టు అంటే నీ మాటకు కాళ్ళు లేవని. కళ్ళు మూసుకుని మెల్లగా అన్నారంటే మాత్రం ఆ పిల్లవాడి పని అయిపోయినట్టే. కోయిలకుంట్ల వైపు మనిషి. చరిత్ర, భూగోళం చెప్పేవారు. పొట్టి. మే నెలలో కూడా కోటు విప్పేవారు కాదు. ఆ కోటు జేబులో లవంగాలు, సుద్దముక్కలు, వాటి మధ్య ఒక చింతగింజ. బారాకట్ట ఆటలో పాచికకు అరగదీసినట్టు దాన్ని ఒక పక్క రాతి మీద తెల్లగా అరగదీసి పెట్టుకున్నారు. మా చదువంతా ఆ గింజ మీద నడిచిందంటే మీరు నమ్మాలి.

రాజధాని కర్నూల్లో గుడారాలు వేసుకుని సర్కారు నడిచిన రోజులవి. శనివారం మధ్యాహ్నం ప్రతి బళ్ళోనూ వక్తృత్వ సభ ఉండేది. పిల్లలు అయ్యవార్లు రాసిచ్చినదాన్ని బట్టీ పట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడ మీద బల్లిని చూస్తూ ఒప్పజెప్పేవాళ్ళు. మిగతావాళ్ళు నిద్రపోయేవాళ్ళు. మా సారు వచ్చిన తరువాత ఈ నిద్ర పోయింది. ఇద్దరిని లేపి, ఒక అంశం ఇచ్చి, గింజ ఎగరేసేవారు. తెలుపు పడితే నువ్వు దానికి అనుకూలం. నలుపు పడితే వ్యతిరేకం. నీ ఇష్టం ఏమిటని అడిగేది లేదు. ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. ఎదుటివాడికి జవాబు చెప్పేముందు, వాడి మాటను వాడికే అప్పజెప్పాలి. వాడు విని “ఊ, అదే నేనన్నది” అని ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా నీకు నోరు లేదు.

ఒక శనివారం, నల్లరేగడిలో పత్తి మేలా జొన్న మేలా అన్నారు. నంద్యాల మిల్లుకు బండ్లకు బండ్లు పత్తి తోలే ఇంటి పిల్లవాడికి జొన్న పడింది. వాడు మొహం ముడుచుకుని, “మా నాయన ఇంటే తంతాడు సార్” అన్నాడు.

“మీ నాయన పొద్దున్నే తినేది పత్తిరొట్టెనా, జొన్నరొట్టెనా?” అన్నారు సారు.

ఆ రోజు వాడు జొన్న పక్క మాట్లాడిన మాటలు విని, జొన్న తప్ప ఇంకేదీ పండించని ఇళ్ళ పిల్లలే నోళ్ళు తెరిచారు.

మస్తాను కుట్టుమిషను సాయబు కొడుకు. మొదట్లో సొంతంగా ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. ఎదుటివాళ్ళ మాట అప్పజెప్పి కూర్చునేవాడు, అంతే. ఒకసారి ఆ ఎదుటివాడు లేచి, “సార్, నేను చెప్పినదానికన్నా వీడు చెప్పిందే బాగుండాది. నేను చెప్పింది కొట్టేసి వీడు చెప్పింది రాసుకోండి” అన్నాడు. సారు వాడికేసి కూడా చూడలేదు. “మస్తానూ, అంత బాగా కట్టినావు కదా. ఇప్పుడు దాన్ని కూల్చు” అన్నారు. ఆయన నోట పొగడ్త అన్నది ఏదైనా ఉంటే, ఆ ‘కూల్చు’ అన్నదే. ‘శభాష్’ అన్న మాట నేను వినలేదు. విన్నామని చెప్పేవాళ్ళను నేను నమ్మను.

పశువుల సంతకు కూడా తోలుకుపోయేవారు. అక్కడ దళారులు తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. పైకి ఒక్క మాట వినపడదు. “సూడండి. గొంతు పెంచకుండా ఎట్ల తెగ్గొట్టుకుంటాండారో సూడండి. ఎదురుగా ఉండేవాడి వేలు వీడు పట్టుకున్నాడు. వాడేమనుకుంటాండాడో చేతికి తెలుస్తాంది” అనేవారు. హైస్కూలు పిల్లల్ని పేడలో నిలబెట్టి ఏం పాఠం చెబుతున్నాడని ఊళ్ళో పెద్దలు హెడ్మాస్టరుకు చాడీలు మోశారు. సారు దానికేమన్నారో మీకు నేను చెప్పనక్కరలేదు.

నాకు ఈ పద్ధతి నచ్చేది కాదు. నేను పుట్టడమే వాదిస్తూ పుట్టానని మా అవ్వ అనేది. నేను నమ్మిన పక్క నుంచి మాట్లాడమంటే సాయంత్రం దాకా మాట్లాడతాను. నమ్మని పక్కన ఎందుకు నిలబడాలి? ఒకనాడు అడిగేశాను. “నమ్మనిదాన్ని నమ్మినట్టు చెప్పడం అబద్ధం కాదా సార్?”

“నమ్మినదాన్ని ఒక పక్క నుంచే సూసి చెప్తే, అది నిజమైపోతాదామ్మా?”

ఈ వాదన మా మధ్య హైస్కూలు అయిపోయేదాకా నడిచింది. తెగలేదు. ఆయన పోయారు కాబట్టి నేను గెలిచినట్టు లెక్క కాదు.

నేను ఐదో ఫారంలో ఉండగా, శనగ కోతలప్పుడు, నాయన నా చదువు ఆపేస్తానన్నాడు. మాది సేద్యం చేసే పాత ఇల్లు. నాయన మాట ఒకసారి వచ్చిందంటే వెనక్కి పోదు. “పాపా, ఈ యేటితో సాలు” అన్నాడు, మోకు పేనుతూ, తల ఎత్తకుండా. ఐదో ఫారంలోనే ఆడపిల్లలు పలచబడిపోయారు. ఆరో ఫారంలో నేనొక్కదాన్నే మిగులుతాను. ఆరో ఫారం లేకపోతే ఎస్సెస్సెల్సీ లేదు. ఎస్సెస్సెల్సీ లేకపోతే ఆపైన ఏదీ లేదు. అవ్వ వంటింట్లోంచి, “ఆ మాట పోయినేడే అనింటే దీని నోరు ఇంత పెరిగిండేది కాదు” అంది.

ఆ వారమే నంద్యాల నుంచి కబురు వచ్చింది. అక్కడి హైస్కూల్లో పోటీ. చుట్టుపక్కల బళ్ళనుంచి ఇద్దరేసి రావాలి, ఒకరు అనుకూలం, ఒకరు వ్యతిరేకం. అంశం ఏమిటంటే, ఆడపిల్లలకు హైస్కూలు చదువు అవసరమా కాదా.

సారు నన్నూ మస్తానునూ నిలబెట్టి గింజ ఎగరేశారు. మస్తానుకు అవసరం. నాకు అనవసరం.

అడ్డం తిరిగాను. “నేను చెప్పను సార్. ఇంట్లో ఆ మాట వింటానే ఉండా. నేను కూడా అదే చెప్పి బహుమతి తెచ్చుకుంటే మా నాయన ఇంకేమంటాడు? నీ నోటితో నువ్వే అంటివి కదా అంటాడు.” మస్తాను పక్క మార్చుకుంటానన్నాడు. సారు గింజ జేబులో వేసుకున్నారు.

“మీరన్నా వచ్చి మా నాయనకు చెప్పండి సార్” అన్నాను. నా జన్మలో నేను బతిమాలిన సందర్భాలు తక్కువ. అందులో అదొకటి.

“మీ నాయన ఎందుకు వద్దంటాండాడు?”

“ఆడపిల్లను కాబట్టి.”

“అది నువ్వు చెప్పే మాట. ఆయన మాట ఆయనకు అప్పజెప్పగలవా? ఆయన ‘ఊ, అదే’ అంటాడా? పోయి కనుక్కో. నంద్యాలలో ఆ పక్కే కదా నువ్వు మాట్లాడాల్సింది.”

నిర్దయుడనుకున్నాను. ఇంటికి పోయి నాయన ముందు కూర్చున్నాను. ఆయన మాట మీద పోటీలో మాట్లాడబోతున్నానంటే నాయన మొహం విప్పారింది. “ఊరు ఏమనుకుంటాది” అన్నాడు. “అయితే?” అన్నాను. “అంత దూరం నడిచిపోవాల” అన్నాడు. “అయితే?” అన్నాను. ఇట్లా మూడు రోజులు. మూడో రోజు నాయన మోకు పక్కన పడేశాడు.

“మీ అత్త నాలుగో తరగతి దాకా సదివె. కాగితం ముక్క కనపడితే సాలు, సదివేది. ఇచ్చిన ఇంట్లో చూస్తే అచ్చరం తెలిసినోళ్లు ఒక్కరూ ల్యాకపాయ. బెల్లం చుట్టొచ్చిన కాగితాన్ని ఎండబెట్టుకోని సదువుకునేదంట. అత్తగారు చూసి పొయ్యిలో ఏసేదంట. ఒకసారి ఈడికొచ్చినప్పుడు నా పక్కన కూచోని, ‘అన్నా, ఆ ఊర్లో నాకు మాట్లాడేదానికి మనిసి లేదు’ అనె. అట్లనే పాయ. సదవకపోయింటే ఆ బాధ దానికి తెలిసేదే కాదు. నిన్ను అంతకన్న ఎక్కువ సదివిచ్చి యాడికి తోసేది?”

నేను ఆయన మాటను ఆయనకు అప్పజెప్పాను. మధ్యలో రెండుసార్లు తప్పని దిద్దాడు. మూడోసారికి, “ఊ. అదే” అన్నాడు. అన్న తరువాత చాలాసేపు మోకు ముట్టుకోలేదు.

సారుకు నా మాటంతా ఒకసారి వినిపించి, శనివారం నంద్యాలకు బస్సులో పోయాం. ఆడపిల్లను ఒంటరిగా పంపరు కాబట్టి నాయన తోడు వచ్చాడు, తెల్ల తలగుడ్డ చుట్టుకుని. ఆ హాలు నిండా జనం. నంద్యాల పిల్లలు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, ఆళ్లగడ్డ నుంచి వచ్చినవాళ్ళంటే అడవిలోంచి వచ్చినట్టు చూశారు. మస్తాను నాకంటే ముందు మాట్లాడాడు, చదివిన తల్లి ఇంట్లో బిడ్డల చదువు ఎట్లా నిలబడుతుందో బాగా చెప్పాడు. తరువాత నా వంతు.

మొదట మస్తాను మాటను మస్తానుకన్నా బాగా అప్పజెప్పాను. హాల్లో సగం మంది నేను కూడా ఆ పక్కేననుకున్నారు. అప్పుడు చెప్పాను. అక్షరం వచ్చిన ఆడదాన్ని అక్షరం లేని ఇంటికి పంపడమంటే, గొంతు ఇచ్చి నోరు కుట్టేయడమని చెప్పాను. బెల్లం కాగితం ఎండబెట్టుకుని చదివిన ఒకామెను గురించి చెప్పాను. ఎవరని చెప్పలేదు. “మీరు ఆమెకు చదువు ఇస్తామంటున్నారు. మాట్లాడే మనిషిని కూడా ఇస్తారా? ఇవ్వలేకపోతే, లేని ఆకలిని రేపి వదిలేసే హక్కు మీకెక్కడిది?” అన్నాను. వెనక గోడ దగ్గర నాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

నా తరువాత లేచిన నంద్యాల పిల్లవాడు పురాణాల్లోని విదుషీమణుల పేర్లన్నీ ధారాళంగా చదివి దిగిపోయాడు. నా మాట జోలికే రాలేదు. మొదటి బహుమతి నాది. రెండోది మస్తానుది. చేతుల్లో కప్పు పెట్టినప్పుడు ఆ చప్పట్లు, ఆ ఇస్త్రీ చొక్కాల మొహాలు, నేను మరిచిపోలేదు. మరిచిపోదలుచుకోలేదు కూడా. నేను నా చదువును నా నోటితోనే కూలగొట్టుకున్నానని తెలుసు. తెలిసి కూడా, ఆ నిమిషం భూమి మీద కాళ్ళు ఆనలేదు.

తిరుగు బస్సులో సారు మా ముందు సీట్లో కూర్చున్నారు. మస్తాను ఆయన పక్కన. నంద్యాల దాటిన తరువాత నాయన అడిగాడు.

“ఆ నంద్యాల పిల్లోడు ఏం సదువుతాండాడు?”

“ఆరో ఫారం.”

“ఆరో ఫారం సదివి ఆ మాత్రం తెలీలేదా వానికి? నువ్వు చెప్పినదానికి జవాబుండాది.”

“అయితే?” అన్నారు సారు, వెనక్కి తిరక్కుండా. సాగదీసి అన్నారు.

“అయితే ఏంది సారూ. ఆ యమ్మకు మాట్లాడేదానికి మనిసి లేకపాయ. సరే. ఎందుకు లేకపాయ? సదివినందుకు కాదు. సగంలో ఆపినందుకు. మా నాయన ఆపె. నేను పక్కన్నే ఉండి సూస్తి. ఇంకో నాలుగేండ్లు సదివింటే పంతులమ్మ అయ్యిండేది. ఆ ఊర్లోనే పిలకాయల్ను కూచోబెట్టుకోని సెప్పుండేది. మాట్లాడేదానికి ఊరంతా ఉండేది. వాడు ఈ మాట అనల్ల కదా. పేర్లు సదివి దిగిపాయ.”

బుద్ధి ఉన్న పిల్లయితే అక్కడ నోరు మూసుకుంటుంది. నేను గెలిచివచ్చిన మాటను ఎవరో పడగొడుతుంటే చూస్తూ ఎట్లా కూర్చుంటాను? “సదివినోళ్లంతా పంతులమ్మలు అయితారా నాయనా? కానోళ్ల సంగతేంది?” అన్నాను. మస్తాను ముందు సీట్లో తల పట్టుకున్నాడు.

“ఎందుకు కారు?” నాయన గొంతు పెరిగింది. “కానీకుండా మనమే అడ్డం పడతాంటిమి. అడ్డం తీసినంక కదా అయితారో కారో తెలిసేది.”

“తీసినా కాకపోతే?”

“నువ్వు ఎవురి పక్క మాట్లాడతాండావ్?”

“నాకు పడిన పక్క.”

కండక్టరు వచ్చి, “అన్నా, శిరివెళ్ల దిగేటోళ్లు ఇంటా కూచున్నారు, దిగేది మర్సిపోయినారు. కొంచెం నిదానం” అన్నాడు. దిగాల్సిన ముసలామె ఒకామె మెట్టు మీద నిలబడి, “ఆ యప్పే కరెష్టుగా సెప్తాండాడు” అని తన తీర్పు ఇచ్చి దిగిపోయింది.

నాయన వేలు ఎత్తి నా మొహం మీద ఆడించాడు. “అయితావో కావో ఈడ కూచోని తేలేది కాదు. నువ్వు ఆరో ఫారం సదువు. పాసయ్యి సూపిచ్చు. అప్పటికీ నువ్వు చెప్పిందే నిజమైతే, నేను ఓడిపోయినానని నలుగుర్లో ఒప్పుకుంటా.”

ఆ మాట నోరు దాటిన తరువాత ఏమన్నాడో నాయనకు అర్థమైంది. మాకూ అర్థమైంది. నా నోట్లో ఇంకో జవాబు సిద్ధంగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక, సిద్ధంగా ఉన్న జవాబును నేను మొదటిసారి మింగింది ఆ రోజే. సారు వెనక్కి తిరిగారు. ‘అయితే’ అనలేదు. జేబులోంచి ఒక లవంగం తీసి నాయనకు ఇచ్చారు. నాయన అది నోట్లో వేసుకుని, ఆళ్లగడ్డ దాకా కిటికీలోంచి శనగచేలు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటి దగ్గర అవ్వ గడపలోనే అడిగింది. “గెల్చినావా, ఓడినావా?”

“అది గెల్సింది. నేనూ గెల్సినా” అన్నాడు నాయన.

“మరి ఓడిందెవురు?”

“నువ్వే. అది బడికి పోతాంది. ఆరో ఫారానికి.”

“నేనెప్పుడొద్దంటి?” అంది అవ్వ. అని లోపలికి పోయి నాకు రెండు జొన్నరొట్టెలు ఎక్కువ పెట్టింది.

సోమవారం నాడు హెడ్మాస్టరు కప్పును బల్ల మీద పెట్టి చాలా మాట్లాడారు. విరామంలో నేనే పోయి, వరండాలో పటాలు చుట్టి పెడుతున్న సారు ముందు నిలబడ్డాను. శనివారం నుంచి ఒక అనుమానం నన్ను తినేస్తోంది.

“సార్, నా మాటలో ఆ లొసుగుండేది మీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“మరి మస్తానుకు చెప్పుండొచ్చు కదా. వాడు దాన్ని ముందే ఎత్తి చూపింటే మొదటి బహుమతి వానికి వచ్చుండేది.”

“వచ్చుండేది. మీ నాయన వానికి చప్పట్లు కొట్టి, నిన్ను ఇంట్లో కూచోబెట్టుండేవాడు.” ఆయన పటం చుట్టడం ఆపలేదు. “గంట కొడతాండారు, పో. ఆరో ఫారం పాతపుస్తకాలు ఎవురింట్లో ఉండాయో ఇప్పట్నుంచే చూసి పెట్టుకో. జూన్‌లో దొరకవు.”